గెలిచినా లోపలికి రానివ్వలేదు: టోనీ బెన్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక బ్రిటిష్ ఎంపీ కథ చెప్పుకుందాం. ఆయన ఎన్నికల్లో నిలబడ్డాడు, గెలిచాడు. అదీ మామూలు గెలుపు కాదు, ప్రత్యర్థికి వచ్చిన ఓట్ల కంటే రెట్టింపు పైన తెచ్చుకున్నాడు. ఆ గెలుపు కాగితం పట్టుకుని పార్లమెంటుకి వెళ్తే, గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపలికి రావడానికి వీల్లేదన్నారు. తర్వాత ఓడిపోయినాయన్ని తీసుకొచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టారు.

ఇదేదో రాజుల కాలం నాటి సంగతి అనుకోకండి. 1961లో జరిగింది. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన సంవత్సరం అది.

మరి ఈయన చేసిన నేరం ఏంటి? వాళ్ళ నాన్న చనిపోయాడు. అంతే.

ఆయన పేరు టోనీ బెన్. లేబర్ పార్టీ నాయకుడు, మంత్రిగా చేశాడు, దాదాపు 47 ఏళ్ళు ఎంపీగా ఉన్నాడు. బ్రిటన్‌లో లెఫ్ట్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే పేర్లలో ఆయనదొకటి. సొంత పార్టీతోనే ఎక్కువ గొడవపడ్డ మనిషి కూడా. ఆయన కెరీర్ మొత్తం చూస్తే నాకొక విచిత్రం కనిపిస్తుంది. జీవితమంతా పోరాడి ఆయన కొన్ని తలుపులు తెరిపించాడు. ప్రతిసారీ ఆ తలుపులోంచి వెళ్ళి పెద్ద లాభం పొందింది మాత్రం ఆయన ప్రత్యర్థులే. అయినా ఆయన తలుపులు తెరవడం ఆపలేదు. ఎందుకు ఆపలేదు అన్నదే ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం.

ముందు ఇంటి సంగతి. టోనీ బెన్ 1925 ఏప్రిల్ 3న లండన్‌లో పుట్టాడు. తాతలిద్దరూ ఎంపీలే, నాన్నా ఎంపీయే. పక్కా రాజకీయ కుటుంబం. నాన్న పేరు విలియం వెడ్జ్‌వుడ్ బెన్. ఈయనతో మనకీ ఒక లింకుంది. 1929 నుంచి 1931 దాకా బ్రిటిష్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాల మంత్రి ఆయనే. ఆ రెండేళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. లాహోర్ కాంగ్రెస్‌లో పూర్ణ స్వరాజ్ తీర్మానం, ఉప్పు సత్యాగ్రహం, ఊరూరా అరెస్టులు, 1931 మార్చి 23న భగత్ సింగ్ ఉరి. మన ముత్తాతల తరం జైళ్ళకి వెళ్తున్నప్పుడు లండన్‌లో ఆ కుర్చీలో కూర్చుంది టోనీ బెన్ వాళ్ళ నాన్న. లేబర్ ప్రభుత్వమే, ఉదారంగా ఆలోచించే మనిషే, కానీ సామ్రాజ్యం మాత్రం సామ్రాజ్యంలాగే నడిచింది.

ఆ 1931 చివర్లోనే గాంధీ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చారు. అప్పటికే ఆ లేబర్ ప్రభుత్వం పడిపోయింది, నాన్నకి మంత్రి పదవి లేదు. అయినా ఆరేళ్ళ టోనీ అప్పుడు గాంధీని కలిశాడు. పెద్దయ్యాక కూడా ఆ సంగతి ఇష్టంగా చెప్పుకునేవాడు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. బ్రిటన్ పార్లమెంటులో రెండు సభలున్నాయి. హౌస్ ఆఫ్ కామన్స్‌కి జనం ఓట్లేసి పంపిస్తారు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌కి ఎన్నికలుండవు. అప్పట్లో ఆ సభలో ఎక్కువమంది వారసత్వంగా వచ్చినవాళ్ళే. తండ్రి పోతే పెద్ద కొడుక్కి బిరుదు వస్తుంది, బిరుదుతో పాటు చట్టాలు చేసే సీటూ వస్తుంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే, ఆ సామెతనే రాజ్యాంగం చేసి పెట్టుకున్నారన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. లార్డ్స్ సభలో లేబర్ పార్టీకి మనుషులు తక్కువ. అందుకని 1942లో టోనీ వాళ్ళ నాన్నకి వైకౌంట్ స్టాన్స్‌గేట్ అనే బిరుదు ఇచ్చి అక్కడికి పంపారు. బిరుదు తీసుకునే ముందు పెద్ద కొడుకు మైకేల్‌ని అడిగారు. అతను చర్చిలో ఫాదర్ అవుదామనుకుంటున్నాడు, అందుకే అభ్యంతరం లేదన్నాడు. కానీ 1944లో వైమానిక దళంలో పనిచేస్తూ మైకేల్ చనిపోయాడు. దాంతో వారసుడి వంతు రెండో కొడుకు టోనీ మీద పడింది.

టోనీకి ఆ బిరుదు అక్కర్లేదు. 1950లో, 25 ఏళ్ళకే, బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ నుంచి కామన్స్‌కి గెలిచాడు. ఆ సీటు ఆరోగ్యం బాగాలేక వదిలేసింది ఎవరో తెలుసా? స్టాఫర్డ్ క్రిప్స్. మన స్కూల్ పుస్తకాల్లో క్రిప్స్ రాయబారం అని చదువుకున్నాం చూడండి, ఆ క్రిప్సే.

నాన్న పోయిన రోజే ఈ సీటూ పోతుందని టోనీకి ముందే తెలుసు. లార్డ్ అయినవాడు కామన్స్‌లో కూర్చోకూడదు. వద్దనుకుంటే బిరుదు వదులుకునే దారి కూడా చట్టంలో లేదు. అందుకే 1955లోనే తన ఒక్కడి కోసం ఒక బిల్లు పెట్టించి చూశాడు. తండ్రి కూడా కొడుకు పక్షానే నిలబడ్డాడు. బిల్లు పాస్ కాలేదు.

1960 నవంబర్ 17న తండ్రి చనిపోయాడు. ఎంపీ జీతం ఆగిపోయింది, సీటు ఖాళీ అని ప్రకటించారు. వేరేవాళ్ళయితే ఏం చేస్తారు? లార్డ్ గారూ అని పిలిపించుకుంటూ, ఓట్లడిగే బాధ లేకుండా జీవితాంతం దర్జాగా బతికేస్తారు. ఈయన మాత్రం తన సీటుకే వచ్చిన ఉపఎన్నికలో తనే మళ్ళీ నిలబడ్డాడు. ఈయన గెలిచినా చెల్లదు అని అవతలి పార్టీ ఊరంతా చెప్పింది. 1961 మే 4న బ్రిస్టల్ జనం ఓట్లేశారు. బెన్‌కి 23,275. కన్జర్వేటివ్ అభ్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌కి 10,231.

అప్పుడే మనం మొదట్లో చెప్పుకున్న గుమ్మం సీన్ జరిగింది. ఆ తర్వాత ఎన్నికల కోర్టు తీర్పు వచ్చింది. బెన్ అనర్హుడని తెలిసి కూడా జనం ఓట్లేశారు కాబట్టి ఆ ఓట్లన్నీ వృథా కింద లెక్క, సీటు సెయింట్ క్లెయిర్‌ది అని. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ సెయింట్ క్లెయిర్ కూడా ఇంకో లార్డ్ బిరుదుకి వారసుడే. ఆయన వంతు ఇంకా రాలేదు, అంతే తేడా.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. బెన్ వాదన, నాకు సీటివ్వండి అని కాదు. బ్రిస్టల్ జనం ఎవరిని కావాలనుకున్నారో వాళ్ళని పంపుకునే హక్కు వాళ్ళకుంది, నా పుట్టుక ఆ హక్కుని కొట్టేయకూడదు అని. ఈ వాదనకి పార్టీలతో సంబంధం లేకుండా మద్దతు వచ్చింది. విన్‌స్టన్ చర్చిల్ అంతటివాడు, పక్కా కన్జర్వేటివ్, బిరుదు వదులుకునే హక్కు ఉండాల్సిందేనని రాసిచ్చాడు.

సీటు లేని ఆ రోజుల్లోనే బ్రిస్టల్‌లో ఇంకో పోరాటం వచ్చింది. ఊళ్ళో సిటీ బస్సులు నడిపే కంపెనీ నల్లజాతి వాళ్ళనీ, మన ఆసియా వాళ్ళనీ డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. 1963 ఏప్రిల్ చివర్లో వెస్టిండీస్ నుంచి వచ్చి స్థిరపడ్డ యువకులు బస్సుల బహిష్కరణ మొదలుపెట్టారు. కార్మిక సంఘం కూడా కంపెనీ వైపే నిలబడింది చూడండి. లేబర్ పార్టీ మనిషికి యూనియన్‌ని కాదనడం అంటే కంచంలో కూడు తన్నుకోవడమే. బెన్ మాత్రం బహిష్కరణకి బహిరంగంగా మద్దతిచ్చాడు. సైకిల్ వెతుక్కోవాల్సి వచ్చినా సరే, బస్సెక్కను అన్నాడు. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్‌లో తన ప్రసిద్ధ ప్రసంగం చేసిందీ ఆ రోజే. తర్వాతి నెలలో ఆ కంపెనీలో చేరిన మొదటి శ్వేతజాతేతర కండక్టర్ ఒక సిక్కు.

అదే వేసవిలో బెన్ సొంత పోరాటమూ తేలిపోయింది. 1963 జూలై 31న పీరేజ్ యాక్ట్ అమల్లోకి వచ్చింది. వారసత్వ బిరుదు అక్కర్లేనివాళ్ళు బతికున్నంత కాలానికి వదులుకోవచ్చు. ఆ రోజు సాయంత్రమే బెన్ వదులుకున్నాడు. ఆ చట్టం కింద బిరుదు వదులుకున్న మొదటి మనిషి ఆయనే. సెయింట్ క్లెయిర్ ముందు ఇచ్చిన మాట ప్రకారం రాజీనామా చేశాడు. ఆగస్టులో ఉపఎన్నిక గెలిచి బెన్ మళ్ళీ కామన్స్‌లో అడుగుపెట్టాడు.

ఇప్పుడు మొదటి తలుపు కథ. చట్టం వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. కన్జర్వేటివ్ ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ అనారోగ్యంతో దిగిపోయాడు. కొత్త ప్రధాని ఎవరు? లార్డ్ హోమ్. లార్డ్స్‌లో కూర్చుని ప్రధానిగా ఉండటం ఆ కాలానికి కుదరని పని. ఏం చేశాడు? బెన్ పోరాడి తెచ్చిన చట్టాన్నే వాడుకుని బిరుదు వదిలేసి, ఉపఎన్నికలో గెలిచి కామన్స్‌కి వచ్చాడు. అలెక్ డగ్లస్ హోమ్‌గా దేశాన్ని నడిపాడు. అంటే ఒక లెఫ్ట్ నాయకుడు మూడేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చిన చట్టం, ముందుగా ఒక కన్జర్వేటివ్ ప్రధానిని తయారుచేసింది!

బెన్ ఓడిపోయినట్టా మరి? ఏడాది తిరక్కుండా, 1964 అక్టోబర్‌లో ఎన్నికలొచ్చాయి. జనం హోమ్‌ని దించేశారు. లేబర్ గెలిచింది, బెన్ పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యాడు. హోమ్ లార్డ్‌గా ఉండిపోయి ఉంటే ఆయన్ని ఆ సభలోంచి ఏ ఓటరూ దించలేడు. కామన్స్‌కి వచ్చాడు కాబట్టే లెక్క జనం చేతికొచ్చింది. ఈ పాయింట్ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మంత్రిగా బెన్ ఏం చేశాడు? తపాలా బిళ్ళల మీద రాణి బొమ్మ తీసేద్దామని చూశాడు. 1965లో కొత్త డిజైన్లు తీసుకుని నేరుగా బకింగ్‌హామ్ ప్యాలెస్‌కే వెళ్ళి రాణికి చూపించాడు. రాణి అక్కడ మర్యాదగానే చూసింది, కానీ తర్వాత ప్యాలెస్ నుంచి ప్రధానికి కబురొచ్చింది, ఇది కుదరదని. చివరికి పెద్ద బొమ్మ పోయి, ప్రత్యేక స్టాంపుల మీద మూలగా చిన్న తల నీడ మిగిలింది. తర్వాత టెక్నాలజీ మంత్రిగా కాంకర్డ్ విమానం, కంప్యూటర్ పరిశ్రమ చూశాడు. అప్పటికి ఆయన పెద్ద తిరుగుబాటుదారేం కాదు. కొత్త మిషన్లంటే ఇష్టపడే చురుకైన మంత్రి, అంతే. పైరేట్ రేడియోలు గుర్తున్నాయా, సముద్రంలో ఓడల మీంచి కుర్రాళ్ళకి పాటలు వేసేవి? వాటిని ఆపాలని పూనుకున్నది కూడా ఆయన శాఖే. కాబట్టి ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు.

మామూలుగా రాజకీయాల్లో ఏం జరుగుతుంది? కుర్రతనంలో ఎర్రజెండా, పదవి రాగానే మెత్తబడటం. బెన్ విషయంలో రివర్స్. పదవిలో ఉన్నాకే ఎడమకి జరిగాడు. మంత్రిగా కూర్చుని చూస్తే, జనం ఓటేసిన మంత్రి కంటే ఎవరూ ఓటేయని ఉన్నతాధికారులు, బ్యాంకర్లు, పెద్ద కంపెనీలు, పత్రికల యజమానులే ఎక్కువ నడిపిస్తున్నారని ఆయనకి అనిపించింది. 1971లో గ్లాస్గోలో అప్పర్ క్లైడ్ ఓడల తయారీ కేంద్రాలు మూతపడబోతే, కార్మికులు సమ్మె చేయకుండా యార్డులోనే ఉండి పని కొనసాగించారు. బెన్ వెళ్ళి వాళ్ళతో కలిసి నడిచాడు. 1974లో పరిశ్రమల మంత్రి అయ్యాక, మెరిడెన్‌లో ట్రయంఫ్ మోటార్‌సైకిళ్ళు చేసే కార్మికులు సహకార సంఘంగా ఫ్యాక్టరీ నడుపుకోవడానికి ప్రభుత్వ డబ్బు ఇప్పించాడు. అదీ శాశ్వతం కాలేదు, 1983లో మూతపడింది. ప్రధాని హెరాల్డ్ విల్సన్ ఈయన గురించి వేసిన సెటైర్ బాగా పేలింది. వయసు పెరిగే కొద్దీ ఈయనకి పరిణతి తగ్గుతోంది అని.

రెండో తలుపు, రిఫరెండం. 1973లో బ్రిటన్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరింది. ఇంత పెద్ద నిర్ణయం ఎంపీలు మాత్రమే తీసుకుంటే ఎలా, జనాన్ని నేరుగా అడగాలి అని బెన్ 1970 నుంచే అంటున్నాడు. అప్పట్లో దేశమంతా ఒకే ప్రశ్న మీద ఓటేయడం బ్రిటన్‌లో ఎప్పుడూ జరగలేదు. మొదట సొంత పార్టీవాళ్ళే పట్టించుకోలేదు. చివరికి ఆయన మాటే నెగ్గింది. 1975 జూన్ 5న ఓటింగ్ జరిగింది. బయటికొచ్చేయాలని బెన్ ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. ఫలితం? 67 శాతం మంది ఉందాం అన్నారు. తను పట్టుబట్టి తెచ్చిన రిఫరెండంలో తనే చిత్తుగా ఓడిపోయాడు. జనం తీర్పుని తలవంచి ఒప్పుకున్నాడు. కొద్ది రోజుల్లోనే విల్సన్ ఆయన్ని పరిశ్రమల శాఖ నుంచి తీసి ఇంధన శాఖకి మార్చేశాడు.

ఆ కథ అక్కడితో అయిపోలేదని మీకు తెలుసు. 2016లో అదే ప్రశ్న మళ్ళీ జనం ముందుకొచ్చింది, ఈసారి 52 శాతం బయటికే అన్నారు. అప్పటికి బెన్ పోయి రెండేళ్ళు. ఆయన కొడుకు హిలరీ బెన్ లేబర్ ఎంపీగా లోపలే ఉండాలని ప్రచారం చేశాడు. బ్రెగ్జిట్ మంచిదా చెడ్డదా అనే పంచాయితీ ఇక్కడ పెట్టను. 1975 నాటి తీర్పుని తిరగదోడే దారి కూడా జనం చేతిలోనే ఉండింది, నేను చూపిస్తున్నది అది.

మూడో తలుపు అన్నిటికంటే ఖరీదైనది. 1979లో మార్గరెట్ థాచర్ గెలిచింది. లేబర్ ఓడింది. పార్టీ నాయకుణ్ణి ఎంపీలు మాత్రమే ఎందుకు ఎన్నుకోవాలి, జెండాలు మోసి గడప గడపకీ తిరిగే కార్యకర్తలకి, యూనియన్లకి ఓటెందుకు లేదు అని బెన్, ఆయన వర్గం పట్టుబట్టారు. 1981 జనవరిలో రూల్ మారింది. ఓట్లలో 40 శాతం యూనియన్లకి, 30 ఎంపీలకి, 30 నియోజకవర్గాల పార్టీలకి. దీంతో కొందరు సీనియర్ నాయకులు పార్టీ చీల్చుకుని సోషల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టుకున్నారు.

అలాంటి టైమ్‌లో బెన్ డిప్యూటీ లీడర్ పదవికి డెనిస్ హీలీ మీద పోటీకి దిగాడు. నాయకుడు మైకేల్ ఫుట్ వద్దని మొత్తుకున్నా వినలేదు. ఆరు నెలలు పార్టీ మొత్తం ఆ గొడవే. మధ్యలో బెన్ నరాల జబ్బుతో ఆస్పత్రి పాలయ్యాడు కూడా. సెప్టెంబర్ 27న బ్రైటన్‌లో లెక్క తేలింది. హీలీకి 50.4 శాతం, బెన్‌కి 49.6 శాతం. ఒక్క శాతం కూడా తేడా లేదు. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

ఇక్కడ ఆయన విమర్శకుల మాట కూడా వినాలి. పార్టీ చీలిపోతున్నప్పుడు ఆ పోటీ పెట్టడం కొరివితో తల గోక్కోవడమే అని వాళ్ళు ఇప్పటికీ అంటారు. 1983 ఎన్నికల్లో లేబర్‌కి వచ్చింది 27.6 శాతం ఓట్లు. బెన్ కూడా బ్రిస్టల్‌లో ఓడిపోయాడు. థాచర్ భారీ మెజారిటీతో తిరిగొచ్చింది, ఆ తర్వాత గని కార్మికులు ఏడాది సమ్మె చేసి ఓడిపోయారు. లెఫ్ట్ వాళ్ళు తమలో తాము కొట్టుకోకపోతే ఇదంతా ఇలా ఉండేదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఫాక్‌లాండ్స్ యుద్ధం లాంటి కారణాలు కూడా ఉన్నాయి కాబట్టి తప్పంతా బెన్ నెత్తినే రుద్దలేం. కానీ ఆయనకి ఇందులో వాటా లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.

మరి ఆ మూడో తలుపులోంచి వెళ్ళిందెవరు? 1983లో కొత్త పద్ధతిలో నాయకుడైంది నీల్ కినాక్. బెన్‌కి ఎంపీ సీటు లేదు కాబట్టి పోటీయే చేయలేకపోయాడు. 1984 మార్చి 1న చెస్టర్‌ఫీల్డ్ ఉపఎన్నికలో గెలిచి వచ్చి, 1988లో కినాక్ మీద పోటీ చేస్తే వచ్చింది 11.4 శాతం. 1994లో కార్యకర్తలు, యూనియన్లు, ఎంపీలు కలిసి ఎన్నుకున్నది టోనీ బ్లెయిర్‌ని. పార్టీని బెన్ కోరుకున్న దిక్కుకి పూర్తిగా ఎదురు దిక్కుకి నడిపిన మనిషి! 2015లో మాత్రం పార్టీ సభ్యుల ఓట్లతోనే జెరెమీ కోర్బిన్ నాయకుడయ్యాడు. 1981లో బెన్ కోసం తిరిగిన కుర్రాళ్ళలో కోర్బిన్ ఒకడు. అది చూడటానికి బెన్ లేడు.

కోర్బిన్ పేరొచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. 1911 ఏప్రిల్ 2, జనాభా లెక్కల రాత్రి. ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ అనే ఆవిడ పార్లమెంటు భవనంలో చీపుళ్ళు పెట్టుకునే గదిలో దాక్కుంది. ఎందుకంటే ఆ రాత్రి ఎక్కడుంటే చిరునామా అదే రాయాలి. నా చిరునామా హౌస్ ఆఫ్ కామన్స్ అని రాయించుకోవడం కోసం! ఎనభై ఏళ్ళ తర్వాత కూడా ఆ గదిలో దాని గుర్తు ఏమీ లేదు. 1991లో బెన్ ఎవరి పర్మిషనూ అడక్కుండా, కోర్బిన్ సాయంతో, తనే మేకులు బిగించి అక్కడ ఒక ఫలకం పెట్టేశాడు. ఇప్పటికీ ఉంది.

2001లో 76 ఏళ్ళ వయసులో ఎంపీగా రిటైర్ అయ్యాడు. రాజకీయాలకి ఇంకా ఎక్కువ టైమ్ ఇవ్వడానికే పార్లమెంటు వదిలేస్తున్నా అన్నాడు. జోక్ కాదు, నిజంగానే చేశాడు. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుస్సేన్‌ని ఇంటర్వ్యూ చేశాడు. ఒక నియంతని మరీ మెత్తగా ప్రశ్నించాడని తిట్లు పడ్డాయి, అందులో నిజం ఉంది. అదే ఫిబ్రవరి 15న లండన్‌లో లక్షల మంది నడిచిన యుద్ధ వ్యతిరేక ర్యాలీలో మాట్లాడాడు. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో మనవళ్ళ వయసు కుర్రాళ్ళు ఆయన మాట వినడానికి గుమిగూడేవాళ్ళు. చేతిలో టీ మగ్గు, నోట్లో పైపు. మందు ముట్టడు. 2014 మార్చి 14న 88 ఏళ్ళకి చనిపోయాడు.

ఎంపీగా చివరి రోజుల్లో స్పీకర్ ఆయనకి ఒక గౌరవం ఇచ్చాడు. ఎంపీ కాకపోయినా పార్లమెంటు భవనంలోకి జీవితాంతం స్వేచ్ఛగా రావచ్చు అని. 1961లో గెలిచొచ్చినా గుమ్మంలో ఆపేసిన సభే ఇది.

2001 మార్చిలో కామన్స్‌లో చేసిన వీడ్కోలు ప్రసంగంలో ఆయన ఐదు ప్రశ్నలు చెప్పాడు. అంతకుముందు కూడా చాలా చోట్ల చెప్పినవే. అధికారం ఉన్నవాళ్ళు ఎవరు ఎదురుపడినా అడగాల్సినవి. నా మాటల్లో చెప్తాను. నీకున్న అధికారం ఏంటి? అది నీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరి మేలు కోసం వాడుతున్నావు? ఎవరికి జవాబు చెప్తావు? ఐదోది అసలైనది. నిన్ను మేం ఎలా తీసేయగలం? తీసేసే దారి జనానికి లేకపోతే అది ప్రజాస్వామ్యం కాదని ఆయన లెక్క.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి వద్దాం. తను తెరిచిన తలుపుల్లోంచి ప్రత్యర్థులు వెళ్తున్నా ఈయన ఎందుకు ఆపలేదు? ఆ ఐదో ప్రశ్నలోనే జవాబుందని నాకనిపిస్తుంది. మనవాడు గెలవాలి అన్నది ఎవరైనా కోరుకుంటారు. గెలిచినవాడు ఎవరైనా సరే, దించే తాళం జనం దగ్గరుండాలి అనేవాళ్ళు తక్కువ. ఎందుకంటే ఆ తాళం ఏదో ఒక రోజు మన మీద కూడా పనిచేస్తుంది. బెన్ మీద చాలాసార్లు పనిచేసింది. 1975లో, 1981లో, 1983లో, 1988లో. ప్రతిసారీ తాళం బాగాలేదని అనలేదు. మళ్ళీ వెళ్ళి ఓట్లడిగాడు.

కథకి ఒక చివరి మలుపు కూడా ఉంది. ఆ 1963 చట్టం ప్రకారం బిరుదు వదులుకున్నది ఆయన ఒక్కడి జీవితకాలానికే. 51 ఏళ్ళు నిద్రపోయిన ఆ బిరుదు 2014లో లేచి పెద్ద కొడుకు స్టీఫెన్‌కి వెళ్ళింది. ఆయన తీసుకున్నాడు. 2021లో వారసత్వ సభ్యుల కోటాలో లార్డ్స్‌కి వెళ్ళాడు కూడా, అదీ పోటీయే లేకుండా. కొడుకుని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, చట్టం ఇచ్చిన హక్కు అది. కానీ చూడండి, ఒక మనిషి వారసత్వాన్ని కాదనుకున్నంత మాత్రాన ఆ ఏర్పాటు చచ్చిపోదు. అది ఓపిగ్గా కూర్చుని తర్వాతి తరం కోసం ఎదురుచూస్తుంది.

వారసులంటే ఏంటో మన తెలుగువాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. లండన్‌లో బిరుదు పేరుతో వస్తుంది, మన దగ్గర టికెట్ పేరుతో వస్తుంది. కానీ మన చేతిలో ఒకటుంది, బ్రిస్టల్ జనం 1961లో గెలిచి కూడా వాడుకోలేకపోయింది. మనం వద్దనుకుంటే ఆ వారసుణ్ణి ఓటుతో ఇంటికి పంపొచ్చు. ఈసారి మీ ఊళ్ళో ఎవరైనా మీ మీద పెత్తనం చేస్తుంటే, ఎమ్మెల్యే కానీ, కాలేజీ కమిటీ కానీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ కానీ, ఆ ఐదు ప్రశ్నలూ వేసి చూడండి. మొదటి నాలుగింటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. ఐదోదాని దగ్గర మొహం ఎలా మారుతుందో గమనించండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే.